చప్పట్లు కొట్టించుకున్న గుండె

కదిరిలో పోలీసు సెలెక్షన్లకు పిల్లలతో పరుగు సాధన చేయించే ఓబులేసు మాస్టారు మంచివాడే గానీ, ఒకసారి తలకెక్కిన మాటను బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా వదిలేవాడు కాదు.

ఆయన తలకెక్కిన మాట ఏమిటంటే, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే మనిషి అంత కష్టపడినట్టు! ప్రతి రౌండు అయ్యాక పిల్లలంతా మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టుకోవాలి. నిమిషానికి ఎన్నిసార్లో గట్టిగా అరవాలి. ఎక్కువ చెప్పినవాళ్లకు చప్పట్లు, తక్కువ చెప్పినవాళ్లకు ఇంకో రౌండు. పరీక్షలో మార్కులనుకున్నాడో ఏమో! సాధన చేసే కొద్దీ గుండె నెమ్మదిస్తుందని, ఆ నెమ్మదే దాని బలమని ఎవరైనా చెప్పబోతే, "మిలిటరీలో నేను చూసినన్ని గుండెలు నువ్వు చూశావా?" అని నోరు మూయించేవాడు.

ఆయన కూతురు చంద్రకళ కూడా అక్కడే పరుగెత్తేది. ఖాకీ చొక్కా వేసుకోవాలని ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఆశ. సెలెక్షన్లు దగ్గరపడ్డాయనగా జ్వరమొచ్చి మంచం పట్టింది. జ్వరం తగ్గింది గానీ సత్తువ రాలేదు.

ఒక పొద్దున ఆమె మంచం మీద కూర్చునే నాడి చూసుకుంది.

"నాన్నా, ఇంకా లేవనే లేదు, నూట పద్దెనిమిది కొట్టుకుంటాంది. జరం రాకముందు డెబ్బై దాటేది కాదు. రొమ్ములో పట్టేసినట్టుంది" అంది.

ఓబులేసు ముఖం వెలిగిపోయింది. "శభాష్! లేవకముందే నీ గుండె పరుగుకు తయారుగా ఉంది. షూ తొడుక్కో!"

వంటింట్లోంచి తల్లి సుగుణమ్మ గరిటెతోనే వచ్చింది. "కూర్చున్న పిల్లకు గుండె పరుగెత్తేదేంది? ముందు ఆస్పత్రికి పిల్చుకపోదాం పా" అంది.

"నువ్వు ఊరుకోవే. నీకేం తెలుసు?" అన్నాడాయన.

తండ్రి ఒక్కసారి మెచ్చుకుంటే చాలు, ఆ పిల్ల నిప్పుల్లోనైనా దూకేది. వెంటనే షూ తొడుక్కుంది.

మైదానంలో మొదటి రౌండు అయ్యింది. చంద్రకళ అంకే అందరికంటే పెద్దది. చప్పట్లు మోగాయి. కాసేపు కూర్చోగానే మిగతావాళ్ల గుండెలు నెమ్మదించాయి. ఆమెది దిగలేదు.

"నాన్నా, తగ్గలేదు" అంది.

మైదానంలో ఆమె ఎప్పుడూ "సార్" అనే పిలిచేది. ఆ రోజు "నాన్నా" అంది. ఆ తేడా కూడా ఆ మహానుభావుడి చెవికెక్కలేదు. విజిల్ ఊదాడు.

రెండో రౌండు మలుపులో చంద్రకళ బోర్లా పడిపోయింది. ఓబులేసు పరుగున వెళ్లి ఆమె మెడ పక్కన రెండు వేళ్లు పెట్టాడు. లెక్కపెట్టడానికి అక్కడ ఏమీ లేదు.

ఆస్పత్రిలో ఎంత ప్రయత్నించినా ప్రాణం తిరిగి రాలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది. "జ్వరం గుండె కండరాన్ని దెబ్బతీసిందండీ. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి అరవై నుంచి వంద మధ్య కొట్టుకోవాలి. పరుగులో పెరుగుతుంది, ఆగితే దిగాలి. కూర్చున్నా దిగలేదంటే గుండెకు కష్టమొచ్చిందన్నమాట. విశ్రాంతి ఇచ్చి వైద్యం చేయిస్తే బతికేదేమో."

"నోరు తెరిచి చెప్పింది కదయ్యా! నీకే చెప్పింది కదా!" అని సుగుణమ్మ భర్త చొక్కా పట్టుకుని ఏడ్చింది.

చాలా నెలలకు ఓబులేసు మళ్లీ మైదానానికి వచ్చాడు. ఈసారి పరుగుకు ముందే అందరినీ కూర్చోబెట్టి నాడి చూసుకోమన్నాడు. పాత పద్ధతి ఎవరి దగ్గరో విని వచ్చిన ఒక కొత్త అమ్మాయి హుషారుగా లేచి, "నూట పన్నెండు సార్! నాదే ఎక్కువ!" అని అరిచింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఓబులేసు ఆ అమ్మాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె షూ లేసులు విప్పాడు.

"ఈరోజు పరుగొద్దు తల్లీ. డాక్టరుకు చూపించుకో. నాకూ ఒక బిడ్డ ఉండేది" అన్నాడు.

పిల్లలూ, గుండె వేగం గొప్ప చెప్పుకునే మార్కు కాదు, ఒంటి కష్టసుఖాలు చెప్పే కబురు. దాన్ని విని ఆగడం పిరికితనం కాదు. వినీ పరుగెత్తించడం మూర్ఖత్వం, ఆ మూర్ఖత్వానికి మూల్యం ప్రాణం.