ఏమీ వినబడలేదు

నూకరత్నం మాట నమ్మి వేసిన వల తెగిపోయి ఇంకా ఒక రోజు కాలేదు.

విశాఖకు దక్షిణాన ఉన్న ఆ జాలరి పాలెంలో పదకొండు పడవలు. రేవుకు పోయే ఓడల దారి, వాళ్లు వలలు వేసే చోటు పక్కపక్కనే ఉంటాయి. పెద్ద ఓడకు చిన్న పడవ కనబడదు. కనబడినా ఉన్నపళంగా ఆగడం దాని వల్ల కాదు. అందుకని పాలిటెక్నిక్ చదివిన నూకరత్నం తన డాబా మీద ఒక రాగి గొట్టం నిలబెట్టి, దానికి పెన్‌డ్రైవ్ అంత రేడియో తగిలించి, లాప్‌టాప్‌కు గుచ్చింది. ప్రతి ఓడా తన పేరు, ఉన్న చోటు, వేగం రేడియోలో చెప్పుకుంటూ పోతుంది. ఆ మాటలు రత్నం తెర మీద చిన్న చిన్న బాణాలై కదిలేవి.

పొద్దు వాలే వేళ ఆమె మేనమావ ఎల్లాజీ సముద్రం మీంచి ఫోన్ చేసి, "దారి కాళీయేనా అమ్మా?" అని అడిగేవాడు. "ఖాళీయే మావా" అనేది.

ఆ ఒక్క మాటతో పాలెంలో రత్నం పరపతి అమాంతం పెరిగిపోయింది. ఇదివరకు ప్రతి పడవలోనూ ఒకడు ముందు కొసన, ముక్కు మీద కూర్చుని, ఓడ వస్తుందేమోనని సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు. ఆర్నెల్లుగా ఆ చోట అన్నం గిన్నె పెట్టుకుంటున్నారు.

నిన్న ఆమె ఖాళీ అన్న పావుగంటకే ఓడ వచ్చింది. వల తెగింది. దాంతోపాటు పడవ ఒరిగిపోయి ఎల్లాజీ నీళ్లలో పడ్డాడు. ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు. ఒడ్డుకొచ్చాక మేనకోడల్ని పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని రత్నం ఏడ్చింది.

పొద్దున లాప్‌టాప్ సంచిలో వేసుకుని జలాలుద్దీన్ మాస్టారి ఇంటికి పోయింది. పాలెం చివర ఉంటాడాయన. ఇరవై ఆరేళ్లు ఓడల్లో రేడియో ఆఫీసరుగా తిరిగినవాడు. రత్నానికి రేడియో నేర్పింది ఆయనే.

"మాస్టారూ, ఘోరం జరిగిపోయింది. నాకింకా పెద్ద యాంటెనా..."

ఆయన వేలెత్తి ఆగమన్నాడు.

గోడ గడియారం పదీ పదిహేను చూపిస్తోంది. దాని ముఖం మీద మూడు నిమిషాల మేర ఎర్రరంగు ముక్క ఒకటి, దానికి ఎదురుగా మరొకటి. పాతకాలపు ఓడ గడియారం అది. ఆ రోజుల్లో ప్రతి అరగంటకూ మూడు నిమిషాలు సముద్రం మీద రేడియోలన్నీ మాట్లాడడం మానేసి వినేవి. ఎక్కడో మునిగిపోతున్నవాడి సన్నని పిలుపు ఆ కాసేపైనా ఎవరి చెవినైనా పడుతుందని. ఆ పద్ధతి పోయి పాతికేళ్లయింది. మాస్టారి ఇంట్లో మాత్రం పోలేదు. కొంప మునిగినా సరే, ముల్లు ఎరుపు దాటేదాకా ఆయన నోరు మెదపడు.

రత్నం పళ్లు బిగబట్టి నిలబడింది.

ముల్లు ఎరుపు దాటింది. "ఏదీ, చూపించు" అన్నాడు.

తన యాంటెనా తీగను ఆమె రేడియోకు బిగించాడు. తెర మీద తొమ్మిది బాణాలు వచ్చాయి.

"గెయిన్ ఎంత పెట్టావు?"

"ఫుల్లు మాస్టారూ. పైన బూస్టర్ కూడా కొని పెట్టాను."

ఆయన బూస్టర్ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. వచ్చిన సంకేతాన్ని పెంచే ఆ గెయిన్ కొంచెం తగ్గించాడు. కాసేపాగి ఇంకొంచెం తగ్గించాడు. తొమ్మిది బాణాలు పద్నాలుగయ్యాయి. పద్నాలుగు ఇరవై మూడయ్యాయి.

"తగ్గిస్తే పెరిగాయేంటి!"

"ఊళ్లో ప్రతి సెల్ టవరు అరుపూ దీని చెవిలో పోశావు. దూరంగా ఉన్నవాడి మాట ఇంకెక్కడ వినబడుతుంది?"

రత్నం ముఖం ఒక్కసారిగా వెలిగింది. కన్నీళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. "మావకి చెప్పేస్తాను మాస్టారూ. ఇక మీదట ఒక్క ఓడ కూడా తప్పిపోదు!"

మాస్టారు రేడియో వైపు వంగాడు. యాంటెనా తీగ విప్పి ఆమె చేతికిచ్చాడు.

"పట్టుకో. టీ పెట్టుకొస్తాను."

ఆయన తీరిగ్గా అల్లం దంచి, టీ కాచి, రెండు గ్లాసుల్లో పోసి తెచ్చేసరికి తెర మీది బాణాలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. టీ తాగడం అయ్యేసరికి ఒక్కటీ మిగల్లేదు. తప్పు జరిగిందని యంత్రం ఎక్కడా చెప్పలేదు. నీలంగా, శుభ్రంగా సముద్రం.

"ఇప్పుడు చెయ్యి ఫోను."

"ఏమని చెప్పను మాస్టారూ?"

"రోజూ చెప్పేదే చెప్పు."

రత్నం చేతిలోని తీగను చూసింది. తెరను చూసింది. నిన్న సాయంత్రం కూడా మావ వల వేసిన మూల ఇంత నీలంగానే, ఇంత శుభ్రంగానే ఉంది.  ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"మరి ఏం చెప్పాలి?" అంది.

మాస్టారు బీరువాలోంచి అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి తెచ్చాడు. ఓడలో రాసుకున్న రేడియో దినచర్య. ప్రతి అరగంటకూ ఒక వరుస, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో. వేలు పెట్టి చదివి వినిపించాడు: "మూడు నిమిషాలు విన్నాను. ఏమీ వినబడలేదు." కింది వరుసా అదే. తర్వాతి పేజీ అదే. రత్నం పేజీలు తిప్పుతూ పోయింది.

"ఇరవై ఆరేళ్లమ్మా" అన్నాడు మాస్టారు. "ఎవరూ లేరని రాయడానికి ఒక్కసారి కూడా నాకు ధైర్యం చాల్లేదు."

ఆ సాయంత్రం ఎల్లాజీ అరువు వలతో సముద్రం మీదికి పోయాడు. పొద్దు వాలింది, ఫోన్ రాలేదు.  ఇక అడగడేమో అనుకుంది రత్నం. తనే చేసింది.

"మావా, దగ్గర్లో ఆరు ఓడలు వినబడతన్నాయి. మీ వైపు వచ్చేది ఏదీ వినబడలేదు."

"అంటే దారి కాళీయే కదమ్మా?"

"అది నాకు తెలీదు మావా. నాకు వినబడలేదు, అంతే. మీరు కూడా చూస్తా ఉండండి."

అవతల ఇంజను చప్పుడు. అందులోంచి ఎల్లాజీ గొంతు, తనతో కాదు, పడవలో ఇంకెవరితోనో:

"ఒరే, ఆ అన్నం గిన్ని తీసీరా. ముక్కు మీదకెల్లి కూకో. రత్నం సూడమంటంది."