గొట్టానికి బొట్టు పెట్టిన కొమురవ్వ

అనగనగా ఒక ఊళ్ళో, గుట్ట మొదట్లో, ఒక ఊట ఉండేది. ఎండాకాలమైనా వానాకాలమైనా రాళ్ళ సందులోంచి చల్లటి నీళ్ళు ఊరుతూనే ఉండేవి. కదలకు బుజ్జీ, దుప్పటి లాగకు, చెప్తున్నాగా.

ఆ ఊళ్ళో కొమురవ్వ అని ఒక ముసలావిడ ఉండేది. ఎవరింట పెళ్ళయినా పప్పు ఆవిడే వండాలి. ఊట నీళ్ళు ఎసరు పెట్టి కందిపప్పు వేస్తే, ఇలా మూత పెట్టి అలా తీసేసరికి వెన్నలా ఉడికేది. జనం వేళ్ళు నాక్కుంటూ తినేవాళ్ళు. "కొమురవ్వ చెయ్యి పడాలి" అనేవాళ్ళు. ఆ మాట వింటే ఆవిడకి కడుపు నిండిపోయేది.

అప్పుడు గుట్ట అవతల బొగ్గుబాయి మొదలుపెట్టారు. తవ్వారు, తవ్వారు, ఇంకా తవ్వారు. నేల కింది నీళ్ళన్నీ ఆ గోతిలోకి దిగాయి. నీళ్ళుంటే బొగ్గు తియ్యడం ఎలా? అందుకని పెద్ద మోటార్లు పెట్టి, లావుపాటి గొట్టంతో ఆ నీళ్ళు తోడి, తెచ్చి ఊరి వాగులో పోశారు.

నడి ఎండాకాలంలో వాగు పారింది! ఊరంతా ఎగిరి గంతేసింది. డప్పులు కొట్టారు, కోడిని కోశారు. మన కొమురవ్వ ఇంకో అడుగు ముందుకేసింది. గంగమ్మ తల్లి వచ్చిందని, ఆ గొట్టం మూతికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి వచ్చింది. గొట్టానికి బొట్టేమిటే పిచ్చి తల్లీ అని చెప్పేవాళ్ళు ఒక్కరు లేరు!

ఆ తర్వాత నెల తిరక్కుండా ఊట ఎండిపోయింది. రాళ్ళ సందులో చెయ్యి పెడితే చెమ్మ కూడా లేదు. పోనీలే, వాగుంది కదా అనుకుంది కొమురవ్వ. ఆ వారమే ఒక పెళ్ళికి వాగు నీళ్ళతో పప్పు పెట్టింది. పొద్దున పెట్టిన పప్పు మధ్యాహ్నమైనా ఉడకలేదు.

పప్పు పాతదేమో అనుకుని రెండో పెళ్ళికి కొత్త పప్పు తెప్పించింది. ఉడకలేదు. కట్టెలు పచ్చివేమో అనుకుని మూడో పెళ్ళికి ఎండు తుమ్మకట్టెలు పెట్టింది. ఊహూఁ! అప్పుడు ఊరు ఏమందో తెలుసా? కొమురవ్వకు వయసైపోయింది, ఇక వంట చేతకాదు అంది. నిన్నటిదాకా వేళ్ళు నాకినవాళ్ళే!

ఆ రోజు ఏడుస్తూ గుండిగ తోముతుంటే, అడుగున సున్నం కొట్టినట్టు తెల్లటి పొర పట్టుకుని కనిపించింది. ఎంత రుద్దినా పోదు. అప్పుడు అర్థమైంది కొమురవ్వకు, తప్పు పప్పుదీ కాదు, కట్టెలదీ కాదు, తనదసలే కాదు, ఆ గొట్టం నీళ్ళదని. ఒళ్ళు మండిపోయింది. తిన్నగా బొగ్గుబాయి సారు దగ్గరికి వెళ్ళింది.

మొదటిసారి వెళితే, "వానలు లేవు అవ్వా, అందుకే ఊట ఎండింది" అన్నాడు. బయట వాన దంచి కొడుతోంది! రెండోసారి వెళితే, "వాగు నిండా నీళ్ళు పెట్టుకుని నీళ్ళు లేవంటావేంటి?" అన్నాడు. మూడోసారి వెళితే, ఒక సీసాలో వాగు నీళ్ళు పట్టించి పరీక్షకి పంపి, పదిహేను రోజులకి ఒక కాగితం చూపించి, "నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు. ఆయన తాగేది మాత్రం పట్నం నుంచి లారీలో వచ్చే డబ్బా నీళ్ళు. ఏం చెప్పను నా తల్లీ, గోడకి చెప్పుకున్నా కాస్త వినేది.

ఇంతలో కొమురవ్వ మనవరాలు సుగుణకి పెళ్ళి కుదిరింది. వేరే వంటవాళ్ళని పిలుద్దామన్నాడు కొడుకు. కొమురవ్వ ఒప్పుకోలేదు. "నేనే వండుత. ఆ సారును బంతిల కూసోబెడ్త" అంది. తనే వెళ్ళి పిలిచింది కూడా. సారు కూడా పాపం, మంచి ఆకలి మీద వచ్చాడు.

తెల్లవారగానే పొయ్యి వెలిగించింది కొమురవ్వ. వాగు నీళ్ళే పోసింది. మధ్యాహ్నం వడ్డించారు. సారు పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళ కింద కటుక్కుమంది. మగపెళ్ళివారంతా చేతులాపి చూస్తున్నారు. సుగుణ తల దించుకుంది.

"పప్పు ఉడకలేదేంటవ్వా?" అన్నాడు సారు.

"పొద్దటిసంది ఉడకబెడ్తనే ఉన్న సారూ. నీళ్ళు మంచిగున్నయని కాయితం జూపిస్తివి గద. ఇగ నువ్వే జెప్పు, తప్పు నాదా, నీళ్ళదా?"

సారు నీళ్ళు నమిలాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. బంతి మొత్తం ఆయన్నే చూస్తోంది. చివరికి, "నీళ్ళదే అవ్వా. మా బాయి వల్లే ఊట ఎండింది" అన్నాడు.

"గదే ముక్క రాసియ్యి" అంది కొమురవ్వ.

చెయ్యి కడుక్కుని, ఒక శుభలేఖ వెనకాల రాసి సంతకం పెట్టాడు సారు. కొమురవ్వకు చదువు రాదు. పెళ్ళికూతురి చేత పైకి చదివించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. వంట చేతకాదన్నవాళ్ళంతా విస్తళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. కొమురవ్వకు ఏడుపొచ్చింది, కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుని, వచ్చి సారు ఎదురుగా నిలబడింది.

"నా పేరు నాకొచ్చింది సారూ. మరి నా ఊట ఎప్పుడొస్తది?"

సారు విస్తరి మడిచి లేచి వెళ్ళిపోయాడు.

ఏమిటే? ఊట వచ్చిందా అంటావా? వస్తే చెప్పనూ? రాలేదు. కళ్ళు మూసుకో ఇక.

కథ పోయె కంచికి,
బొగ్గు పోయె బండికి,
ఊట పోయె గోతికి,
నిద్ర రావే, మా బుజ్జి కంటికి.