మృదంగానికి రవ్వ, మాస్టారికి కాఫీ

పొయ్యి మీద కాగుతున్న పాల మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా ఆ పాలు ఇప్పటికిప్పుడు విరిగిపోవాలి.

విజయనగరంలో గంటస్తంభానికి కాస్త అవతల ఉండే మృదంగం పైడయ్య మాస్టారికి తెల్లవారగానే ఒక గ్లాసు కాఫీ తాగే అలవాటు. రోజు మొత్తానికి ఆ ఒక్కటే. అయితే అది మామూలు కాఫీ కాదు. భార్య అచ్చియ్యమ్మ గారు మన్యం గింజల పొడి ఇత్తడి ఫిల్టరులో వేసి డికాషన్ దింపారంటే, ఆ వాసనకి వీధిన పోయే ఎడ్లు బండి తోలేవాడి మాట వినకుండా ఆగిపోయేవి. ఎదురరుగు మీద కునికే ముసలాళ్ళు చటుక్కున లేచి, ఎప్పుడో మరిచిపోయిన తగాదాలు మళ్ళీ మొదలెట్టేవారు. ఆ కాఫీ గొంతు దిగేదాకా మాస్టారు మైనపు బొమ్మ. దిగిందా, ఆ వేళ్ళు మృదంగం మీద వడగళ్ళవాన! ఒకసారి ఆయన వాయిస్తుంటే పెంకుల మీది పావురాలు తాళం తప్పకుండా తలలాడించాయి. చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

ఆయన శిష్యుడు కూర్మనాథం రోజూ ఇది చూసి చూసి, ఒక గ్లాసుకే ఇంత విద్య పలికితే బిందెడు తాగితే ఎంత పలకాలి అనుకున్నాడు. వాడి తొందర వాడిది. ఆ దసరాకి రాజేశ్వరమ్మ గారి పాట కచేరీలో మొట్టమొదటిసారి మృదంగం పట్టుకుని వేదిక ఎక్కబోతున్నాడు. ఆవిడ పక్కన ఒక్కసారి కూర్చున్నవాడికి ఆ జిల్లాలో కచేరీలకి కరువుండదు. ఆవిడ పక్కనుంచి లేపేసినవాణ్ణి వీధి భజనకి కూడా పిలవరు.

అందుకని గ్లాసు మీద గ్లాసు పట్టించడం మొదలుపెట్టాడు. మొదట్లో మహత్తరంగానే ఉంది. నెల పట్టే పాఠం పూటలో చేతికొచ్చింది. కళ్ళలో దీపాలు వెలిగాయి. తర్వాత ఆ దీపాలు ఆర్పడం వాడి తరం కాలేదు. నిద్ర వాడినీ ఆ వీధినీ వదిలేసి ఎటో పోయింది. చెయ్యి చాస్తే కట్టని గజ్జెలు మోగేటంత వణుకు. గుండె తనకి తోచిన తాళం తను వేసుకునేది, అది పక్కింటివాళ్ళకి వినపడేది. నిద్రలేని నీరసం పోవాలని మళ్ళీ కాఫీయే తాగేవాడు.

రాజేశ్వరమ్మ గారు మాస్టారింటికి సాధనకి వచ్చిన రోజు, పాట ఎడ్లబండిలా బయల్దేరి మెయిలుబండిలా ముగిసింది. ఊపిరి తీసుకుందామంటే ఆవిడకి మధ్యలో ఒక్క స్టేషనూ దొరకలేదు.

"ఏటిరా గుంటడా, నన్ను పాడనిస్తావా, తరుముతావా?" అన్నారావిడ చెమట తుడుచుకుంటూ. "ఎల్లుండి పొద్దున్న మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇలాగే పరిగెట్టావంటే బొబ్బిలి నుంచి ఇంకో కుర్రాణ్ణి పిలిపించుకుంటాను."

ఆవిడ వెళ్ళగానే కూర్మనాథం మాస్టారి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "మాస్టారూ, కాఫీ మంచిదా, చెడ్డదా? డాక్టరు గారేమో గుండెదడ అంటారు. పేపరువాడేమో చురుకు అంటాడు. తాగితే చెయ్యి వణుకుతోంది, మానితే తల పగిలిపోతోంది. నన్నేం చెయ్యమంటారు?"

మాస్టారు మీసం సవరించుకున్నారు. "నీ మృదంగం ఇలా తే" అన్నారు.

మృదంగానికి ఎడమవైపు తోలు మీద వాయించే ముందు తడి రవ్వ ముద్ద అద్దుతారు. అది లేకపోతే ఆ వైపు ఉత్త రేకుడబ్బా. అది పడితే మేఘం గుమ్మంటుంది. వాయించడం అయ్యాక గీకెయ్యాలి. మాస్టారు ఆ వైపు అరచేత్తో ఒక్కటి వేశారు. తడిబట్టల మూట నేల మీద పడ్డట్టు దబ్బుమంది.

"ఏం పెట్టావురా?"

"నిన్నటిది ఉంది మాస్టారూ. దాని మీదే ఇవాళ్టిది అద్దాను. ముద్ద పెరిగితే నాదం పెరుగుతుందని."

"మొన్నటిదో?"

"అదీ... అడుగున ఉంది."

వంటింట్లోంచి అచ్చియ్యమ్మ గారు తొంగి చూశారు. "ఓలమ్మో! మృదంగం మీద దిబ్బరొట్టె వేశావేమిట్రా కూర్మం? చట్నీ తేనా?"

మాస్టారు కొబ్బరిచిప్ప ముక్కతో గీకారు. పెళ్ళివారందరికీ ఉప్మా వండేటంత రవ్వ ఊడింది. అడుగున తోలు నాని మెత్తబడి ఉంది. దాన్ని పొడిబట్టతో తుడిచి, గాలి తగిలే చోట పెట్టారాయన.

"మళ్ళీ ఎప్పుడు పెట్టమంటారు మాస్టారూ?"

"ఆరనీ."

కాసేపాగి కూర్మనాథం వంటింటి గుమ్మంలో నిలబడి, "పిన్నిగారూ, కాస్త కాఫీ..." అని నసిగాడు. ఆవిడ మజ్జిగ ఇచ్చారు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ మజ్జిగే. తలలో ఎవరో రోకలి వేస్తున్నారు. "మాస్టారూ, ఇప్పుడు పెట్టొచ్చా?"

"ఆరనీ అన్నానా."

దీపాలు పెట్టే వేళకి మృదంగం పక్కనే చాప మీద ఒరిగాడు. ఆ ఒరగడం మర్నాడంతా లేవలేదు. ఆ గురకకి చూరు పెంకులు జారిపడ్డాయి, పావురాలు సంసారాలు సర్దుకుని పక్కింటికి పోయాయి.

రాజేశ్వరమ్మ గారు వస్తానన్న ఉదయానికి తోలు ఆరి నిగనిగలాడుతోంది, కుర్రాడి మొహమూ అంతే. మాస్టారు ఉసిరికాయంత రవ్వ ముద్ద వాడి చేతిలో పెట్టారు. అచ్చియ్యమ్మ గారు ఒక గ్లాసు కాఫీ పెట్టారు. ఆహా, ఏం కాఫీ! మొదటి గుక్కకి కంటి ముందు పొర తొలిగింది, రెండో గుక్కకి ప్రతి వేలికీ దాని పని గుర్తొచ్చింది. ఆ చేత్తో ఎడమవైపు తడితే గంటస్తంభం కూడా ఒక క్షణం ఆగి విన్నది. పాట నడిచినంతసేపూ మృదంగం ముందుకు పోలేదు, వెనక పడలేదు. చెయ్యిపట్టుకుని నడిపించినట్టు వెంటే నడిచింది.

రాజేశ్వరమ్మ గారు పాట ముగించి వాణ్ణి ఎగాదిగా చూశారు. "బొబ్బిలికి కబురు పంపక్కర్లేదు లెండి మాస్టారూ" అని చెప్పులేసుకున్నారు.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా కూర్మనాథం ఎలాగో ఓపిక పట్టాడు. తర్వాత ఆనందం పట్టలేక, "అయితే కాఫీ మంచిదేనన్నమాట మాస్టారూ! ఇంకో గ్లాసు తాగనా?" అన్నాడు.

మాస్టారు మృదంగం వాడి వైపు తిప్పారు.

"వాయించడం అయిపోయిందిగా. ముందు ఆ ముద్ద గీకి కాకులకి పడేసిరా. అటునుంచటే బజారుకెళ్ళి కాఫీ పొడి పట్రా. చిన్న పొట్లం చాలు, రేప్పొద్దుటికి."