అసిరమ్మ మడత

మీ తాతల తాతలకి ఇంకా మూతిమీద మీసం మొలవని కాలం. ఉప్పుటేరు పక్కన ఒక ఊరు, ఆ ఊరి చివర ఒక పాక, ఆ పాకలో అసిరమ్మ. మొగుడు పోయాడు. ఉన్నదల్లా ఒక సూది, ఒక కూతురు. కూతురి పేరు నీలాలు.

అసిరమ్మ ఆడపిల్లలకి పరికిణీలు కుట్టేది. కొత్త బట్ట కొనే స్తోమత ఆ ఊళ్ళో ఎవరికుంది? తల్లులు పాత చీరలు తెచ్చిచ్చేవారు. అసిరమ్మ చిరుగులు తప్పించి, గట్టి ముక్క చూసి, చీలమండ దాకా నిండుగా దిగేలా కుట్టేది. జరీ లేదు, పువ్వుల్లేవు. అడుగున లోపలివైపుకి మాత్రం మూడు మడతలు వేసేది. పిల్ల ఎదిగినప్పుడల్లా ఒక మడత కుట్టు విప్పితే చాలు, అదే పరికిణీ మళ్ళీ పాదాలు అందుకునేది. మడత వేసినప్పుడల్లా ఒకటే మాట అనేది.

"ఎదుగు తల్లీ, ఎదుగు."

నీలాలుకీ కుట్టింది. తను మోజుపడి కట్టుకున్న నీలం చీర చింపి మరీ కుట్టింది. మూడు మడతలు వేసింది. మూడుసార్లూ ఆ మాట అంది.

ఆ ఏడు ఊళ్ళోకి విషజ్వరం వచ్చింది. నీలాలుని తీసుకుపోయింది. మొదటి మడతైనా విప్పలేదు.

ఊరి నోళ్ళకి తాళమేదీ? ఏటి దగ్గర ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. "రాబోయే ఏళ్ళని ముందే మడతెట్టి దాసుకుంటే దేవుడికి కోపం రాదేటి? అందుకే ఆ నీలాలు గుంటని అట్టుకుపోనాడు."

పిచ్చి మాట. కానీ అందరూ నమ్మారు. అందరికంటే ఎక్కువ అసిరమ్మే నమ్మింది. నా చేత్తో నేనే నా పిల్లని చంపుకున్నానని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. నీలం పరికిణీని కుండలో పెట్టి మూత వేసింది. ఆ తర్వాత ఏ పిల్లకీ మడత వేయలేదు.

మడతల్లేని పరికిణీలు ఏడాది తిరక్కుండా పొట్టివైపోయాయి. మళ్ళీ కుట్టించడానికి చీరలెక్కడివి? పిక్కలు కనబడుతుంటే ఎదిగే పిల్లలు గడప దాటడానికి సిగ్గుపడ్డారు. ఏటికి రారు, ఆటకి రారు, జాతరకి రారు.

అలా ఇంట్లో కూర్చున్నవాళ్ళలో దాలమ్మ ఒకతి. నీలాలు కన్నా చిన్నది, తల్లి లేని పిల్ల. ఒకరోజు నడుముకి గోనెపట్టా చుట్టుకుని అసిరమ్మ పాకకి వచ్చింది.

"అత్తా, నీలాలు పరికిణీ నాకియ్యవా?"

"అదొద్దే అమ్మా. దాన్లో మడతలున్నాయి. నా గుంటని మింగేసినవి అవే."

"మా యమ్మ నాకు మడతలెయ్యలేదత్తా. అయినా మా యమ్మ పోనాది కదా."

అసిరమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. లేచి కుండ మూత తీసింది.

ఇచ్చిందే గానీ ఆమెకి కంటిమీద కునుకు లేదు. దాలమ్మ దగ్గితే పరుగెత్తింది, తుమ్మితే పరుగెత్తింది, కాస్త ఆలస్యంగా నిద్ర లేచినా పరుగెత్తింది.

ఏడాది తిరిగింది. దాలమ్మ నిక్షేపంలా నడిచి వచ్చింది. మొదటి మడత విప్పుతూ అసిరమ్మ పాత మాట అనబోయింది. భయమేసి ఆపేసింది. ఇంకో ఏడాది తిరిగింది. రెండో మడత విప్పుతూ లోలోపల అనుకుంది. మూడో మడత నాటికి అసిరమ్మ మంచం పట్టింది. దాలమ్మే వచ్చి మంచం పక్కన నిలబడింది.

అసిరమ్మ దారం లాగింది. మడత జారి దాలమ్మ పాదాల మీద పడింది. ఎండ సోకని ఆ పట్టీ ఇంకా ముదురు నీలంగా ఉంది. అసిరమ్మ పాదాల నుంచి పైకి చూస్తూ పోయింది, తల దాకా.

"నా నీలాలు ఇంత పొడుగయ్యేది" అంది. కళ్ళ నీళ్ళు ధారకట్టాయి. "మడతల తప్పు కాదే దాలీ. నా తప్పూ కాదే."

తర్వాత పైకే అంది, "ఎదుగు తల్లీ, ఎదుగు" అని. ఆ పొద్దు గుంకేలోగా ప్రాణం పోయింది.

ఆ ఏటి వార ఊళ్ళలో ఇప్పటికీ మడత వేయకుండా ఆడపిల్ల పరికిణీ కుట్టరు. దాన్ని అసిరమ్మ మడత అంటారు. అది విప్పే రోజున పిల్లని వాకిట్లో నిలబెట్టి తల్లి దారం లాగుతుంది. ఎవరి పిల్లైనా, ఏ ఇంటి పిల్లైనా, అంచు పాదాల మీద పడగానే ఆ తల్లి అనే మాట ఒకటే.

"అసిరమ్మా, నీ నీలాలు ఎదిగింది చూడు."