ముందు నడిచిన భిక్షువు

నాలుగు వందల అడుగులు దాటేసరికి ఉపశాంతుడి కాళ్లు తనవి కాకుండా పోయేవి. పిరుదుల నుంచి పిక్కల దాకా లాగుడు, ఆపైన తిమ్మిరి. కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది. కానీ భిక్షకు వెళ్లే వరుసలో కూర్చోవడం ఎలా?

అరవై రెండేళ్లకు కాషాయం కట్టినవాడు. అంతకు ముందు ముప్పై ఏళ్లు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పట్టాల వెంట నడిచాడు. ఈ బౌద్ధారామంలో తనంత బాగా నడిచేవాడు లేడని లోలోపల గర్వం. అందుకే పంటి బిగువున ఓర్చుకున్నాడు. ఒకరోజు తిరుగుదారిలో కాళ్లు తేలిపోయి పడ్డాడు. పాత్రలో అన్నం మట్టిపాలైంది.

ఆచార్యుడు విమలబోధి ఆయనకంటే ఇరవై ఏళ్లు చిన్న. తనే వెంటబెట్టుకుని పట్నం తీసుకెళ్లాడు.

స్కానింగ్ చూసి డాక్టరమ్మ చెప్పింది. "వెన్నులో నరాలు వెళ్లే దారి ఇరుకైంది. నిటారుగా నడిస్తే ఇంకా ఒత్తుకుంటాయి. కూర్చున్నా, ముందుకు వంగినా వదులవుతాయి. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు. మాత్రలు వాడండి, వ్యాయామాలు చేయండి. నడక మానొద్దు. నొప్పి రాకముందే కూర్చుని, మళ్లీ లేవండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా మాత్రం వెంటనే రావాలి."

బస్సులో ఉపశాంతుడు మెల్లగా అన్నాడు. "భంతే, రేపటి నుంచి నేను భిక్షకు రాను. నా వల్ల వరుస ఆగకూడదు."

మర్నాడు ఉదయం మిగతా ఆరుగురు భిక్షువులూ వరుస కట్టారు. అందరికంటే కొత్తవాడు కాబట్టి ఎప్పుడూ చివర నిలబడే ఉపశాంతుణ్ణి ఆచార్యుడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు నిలబెట్టాడు. తను వెనక నిలబడ్డాడు.

"మీరు ఆగితే మేమూ ఆగుతాం. దాటి వెళ్లం."

కల్వర్టు దగ్గర కాళ్లు మొండికేశాయి. ఉపశాంతుడు గట్టు మీద కూలబడ్డాడు. వెనక ఆచార్యుడు కూర్చున్నాడు. ఆయన వెనక మిగతా ఐదుగురూ కూర్చున్నారు. ఉపశాంతుడు తల ఎత్తలేకపోయాడు.

ఊళ్లో రోజూ భిక్ష పెట్టే అప్పలనరసమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏంటి సాములూ, ఇయ్యాల ఇంతసేపు? అన్నం చల్లారిపోనాది."

"చల్లన్నమే తింటాం తల్లీ," అన్నాడు విమలబోధి.

రోజులు గడిచాయి. ఉపశాంతుడు పొద్దున్నే చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు గుండెకు హత్తుకునేవాడు. మాత్రలు మరిచిపోయేవాడు కాదు. కానీ దారిలో మాత్రం నొప్పి మెలిపెట్టేదాకా ఆగేవాడు కాదు. ఇంకో పది అడుగులు, ఇంకో పది. చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. వెనక ఆరుగురూ కూర్చునేవారు.

నెల దాటాక ఒక ఉదయం జీడితోట మలుపులో ఉపశాంతుడు నిలబడిపోయాడు. కాళ్లు తేలికగానే ఉన్నాయి. ఒక్క క్షణం ముందున్న దారి వైపు చూశాడు. తర్వాత పక్కనున్న రాతి మీద నెమ్మదిగా కూర్చున్నాడు.

వెనక కాషాయాలు ఒక్కొక్కటే నేలకు దిగాయి.

"నొప్పి వచ్చిందా?" అడిగాడు ఆచార్యుడు.

"లేదు భంతే. ఇంకా రాలేదు."

విమలబోధి పాత్రను ఒళ్లో పెట్టుకుని, జీడిపూత వైపు చూస్తూ అన్నాడు.

"ఇవాళ మీ వెనక నడవడం హాయిగా ఉంది."