ఉంగరం ఎరిగిన మనిషి

గురువుగారికి ఓ అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కుంటారు. అడిగినవాడు వెనకాల నడవాల్సిందే.

ఆ రోజు అడిగినవాడు శేషాచలం అనే శిష్యుడు. సర్కారువారు ఊరందరికీ పంచిన చిప్పు ఉంగరం కొత్తగా అతని వేలికెక్కింది. యంత్రం ముందు చెయ్యి చాపితే చాలు, పేరూ ఊరూ గడగడా చెప్పేస్తుంది. ఆ సంబరంలో ఉన్నాడు. "నేనెవరో ఇదే చెప్పేస్తోంది కదండీ. ఇంకా 'నేనెవరు' అంటూ కళ్ళు మూసుకు కూర్చోవడం దేనికి?" అన్నాడు. గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

ఇద్దరూ నడుచుకుంటూ రేవు ఆసుపత్రికి చేరారు. శవాల గది ముందు పోలమ్మ నించుని ఉంది. చేపల వేటకెళ్ళి మునిగిపోయిన ఆమె పెనిమిటి ఎర్రయ్య ఆ ఉదయమే ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. శవాన్ని ఇంటికి తీసుకుపోయి, నీళ్ళు పోసి, తనవాళ్ళ మధ్య మట్టి చేసుకోవాలని ఆమె ఆశ. పాపం, అదీ గగనమైపోయింది.

వల లాగేటప్పుడు తాడు ఉంగరానికి పట్టిందంటే వేలు ఊడొస్తుంది. అందుకని ఆ రేవులో మగవాళ్ళంతా ఉంగరం తీసి, పెళ్ళాం వేలికి తొడిగి పడవెక్కుతారు. ఎర్రయ్యా అదే చేశాడు. వేలి వెచ్చదనం తగిలితే చాలు, ఉంగరం తాలూకు మనిషి బతికున్నట్టే యంత్రం లెక్క. ఆసుపత్రి గుమాస్తా, ఎర్రయ్య ఉంగరమున్న పోలమ్మ చెయ్యి యంత్రం మీద పెట్టించాడు.

"ఎర్రయ్య బతికే ఉన్నాడమ్మా, ఇందులో పడింది. లోపలున్నది అనాథ శవం," అన్నాడు. చెడ్డవాడేం కాదు, ఆమె మొహం చూడలేక తల వంచుకునే చెప్పాడు.

"నా మావని నానెరగనా బాబూ? ఆడితో కాపరం సేసినాను," అంది పోలమ్మ.

"నువ్వెరిగితే చాలదమ్మా."

ఆమె ఉంగరం తీసి, లోపలికెళ్ళి, మొగుడి వేలికి తొడగబోయింది. ఉప్పునీళ్ళలో నాని ఉబ్బిన వేలది. ఉంగరం గోరు దాటలేదు. శేషాచలం ముందుకొచ్చాడు. గుమాస్తాని బతిమాలాడు, కసిరాడు, లాభం లేకపోయింది. సాయంత్రం మున్సిపాలిటీ బండి వచ్చి, దిక్కులేని శవాలతోబాటు ఎర్రయ్యనీ ఎక్కించుకుపోయింది. పోలమ్మ కొంతదూరం వెనకాల పరిగెత్తి, రోడ్డుమీదే కూలబడింది.

తిరుగుదారిలో శేషాచలం ఏడుస్తూనే వేలినుంచి ఉంగరం పీకసాగాడు. తోలు లేస్తున్నా ఆగలేదు. "నాకిది వద్దండీ," అన్నాడు.

గురువుగారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండనీ నాయనా. రేపు నువ్వు పోతే, నువ్వు మావాడివని మేం చెబితే ఎవరు నమ్ముతారు?"