చెప్పకుండా దూరిన బల్లి సర్వేశం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అద్దె ఇళ్ళు కూడా ఉండేవి. నవ్వకండి, అడవిలో మాత్రం అందరికీ సొంతిళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? అక్కడ కోనప్ప అనే ఎలుగుబంటికి ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. చెట్టు నిండా తొర్రలే. కోనప్ప కొండ అవతల తేనెపట్ల దగ్గర ఉంటూ, ఆ తొర్రలన్నీ అద్దెకిచ్చేది.

ఇళ్ళు చూపించడానికి, అద్దెకు కుదర్చడానికి కోనప్ప ఒక బల్లిని పెట్టుకుంది. దాని పేరు సర్వేశం. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఏం తింటున్నారు, ఎప్పుడు ఖాళీ చేస్తారు, అన్నీ దానికే కావాలి. మాటమాటకీ "ట్చ్ ట్చ్" అనేది, లోకంలో నిజమంతా తనే పలుకుతున్నట్టు. గోడల మీద పాకే జాతి కదా, తలుపంటే ఏమిటో దానికి తెలియదు. తెలుసుకుందామన్న బుద్ధీ లేదు.

ఆ ఏడు పైతొర్రలోకి వరాలు, గంగులు అనే కొమ్ముపిట్టల జంట అద్దెకు వచ్చింది. పెద్ద ముక్కు, ఆ ముక్కు మీద కొమ్ములాంటి బొడిపె ఉంటాయే, ఆ పిట్టలు. వాటికి ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే కాలంలో ఆడపిట్ట తొర్రలో కూర్చుని వాకిలికి మట్టితో గోడ కట్టేసుకుంటుంది. సన్నని సందు ఒక్కటే వదులుతుంది. మగపిట్ట ఆ సందులోంచే పళ్ళు అందిస్తుంది. లోపల ఆడపిట్టకు రెక్కల ఈకలన్నీ రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా అది ఎగరలేదు. ఆ గోడ ఉంటేనే తల్లీ బతుకుతుంది, గుడ్లూ బతుకుతాయి.

అందుకే ఇల్లు తీసుకునేటప్పుడే వరాలు కోనప్పను అడిగింది. "అయ్యా, నేను గోడ కట్టుకున్నాక లోపలికి ఎవరూ రాకూడదు. మీరైనా సరే."

"అద్దెకిచ్చాక అది నీ ఇల్లమ్మా. చూడాల్సిన పనేదైనా ఉంటే ముందురోజే చెట్టు కింద నిలబడి చెప్తాం. నువ్వు రమ్మంటేనే వస్తాం," అంది కోనప్ప.

పక్కనే ఉన్న సర్వేశం "ట్చ్ ట్చ్" అంది. అంటే ఒప్పుకున్నట్టే కదా. కానీ కోనప్ప కొండ దాటిందో లేదో, ఆ మాటను అక్కడే వదిలేసింది.

వరాలు గోడ కట్టుకుంది. మూడు గుడ్లు పెట్టి పొదగసాగింది. ఈకలన్నీ రాలిపోయాయి. ఒక మధ్యాహ్నం, ఎవరు చూస్తారులే అని, బోసి రెక్కలు చాపుకుని హాయిగా కునుకు తీసింది. కళ్ళు తెరిచేసరికి పైన కప్పుకు అంటుకుని సర్వేశం. సందులోంచి దూరి వచ్చింది.

వరాలు గబుక్కున ఒళ్ళు ముడుచుకుంది. సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది పాపం.

"సర్వేశంగారూ, ఇదేమిటండీ, చెప్పకుండా వచ్చేశారు?" అంది.

"కప్పు కారుతోందేమో చూద్దామని వచ్చానమ్మా."

"వానే పడలేదు కదండీ."

"పడ్డాక చూసేదేముంది? అయినా నేను పరాయివాడినా? ఓనరు తరఫువాణ్ణి," అంది సర్వేశం.

కప్పు వైపు ఒక్కసారైనా చూసిందా? లేదు. గుడ్లు చూసింది. దాచుకున్న పళ్ళు చూసింది. మూలన పడ్డ ఈకల్ని కాలితో కెలికి మరీ చూసింది. "ఇల్లు కాస్త శుభ్రంగా పెట్టుకోవాలమ్మా," అని సలహా కూడా పారేసి పోయింది. దాని సలహా ఎవరడిగారో మరి.

పిల్లలు ఎగిరిపోయాక వరాలు ఎలాగూ ఖాళీ చేస్తుంది. ఆలోపే కొత్తవాళ్ళని కుదిర్చేసి కోనప్ప దగ్గర శభాష్ అనిపించుకోవాలని సర్వేశం ఆరాటం. అందుకని ఈసారి ఉడుతల జంటను వెంటబెట్టుకొచ్చింది. వరాలు పండు తింటోంది. సందులో మూడు తలకాయలు.

"ఇదే పడకగది, ఇదే వంటిల్లు. గాలి బాగా వస్తుంది. ఏమ్మా వరాలూ, కాస్త పక్కకు జరుగు, ఆ మూల కనబడట్లేదు," అంది సర్వేశం.

ఆడ ఉడుతకు మొహం చెల్లలేదు. "లోపల ఎవరో ఉన్నారండీ," అంది మెల్లగా.

"ఉంటే ఏం? అద్దెకున్నవాళ్ళే," అంది సర్వేశం.

విన్నారా? అద్దెకున్నవాళ్ళే అట. అద్దెకున్నవాళ్ళకి ఒళ్ళు ఉండదు, నిద్ర ఉండదు, సిగ్గు ఉండదు కాబోలు. ఉడుతలు మాత్రం మంచివి. "మాకీ ఇల్లు వద్దండీ," అని దిగి వెళ్ళిపోయాయి.

సాయంత్రం గంగులు వచ్చి ఈ సంగతి విన్నది. దానికి ఒళ్ళు మండిపోయింది. కోనప్పకు చెబుదామంటే కొండ అవతలికి పోయి రావాలి. అంతసేపు వరాలుకు తిండెవరు పెడతారు? అందుకని సర్వేశం దగ్గరికే వెళ్ళింది.

"సర్వేశంగారూ, ముందురోజు చెప్పి రండి. అదే కదా మాట?" అంది.

సర్వేశం చెట్టంతా వినబడేలా అంది, "ఇల్లు చూడ్డానికి వచ్చేవాడు తట్టక్కర్లేదయ్యా, చెప్పక్కర్లేదు. ఈ చెట్టుకు అదే రూలు."

చెట్టు కింద ఆకుల్లో ఒక జెర్రిపోతు పడుకుని ఉంది. పామే, కానీ వినయంగా మాట్లాడే పాము. ఆ రూలు దానికి ఎంతో నచ్చింది. మర్నాడు పొద్దున్నే సర్వేశం ముందుకు వచ్చి, ఇల్లు కావాలంది.

సర్వేశం ఎగిరి గంతేసినంత పని చేసింది. అయినా బ్రోకరు కదా, అడగాల్సినవి అడిగింది. "ఫ్యామిలీయేనా?"

"ఎవరింట్లో దిగితే వాళ్ళే నా ఫ్యామిలీ," అంది జెర్రిపోతు.

"మా ఓనరు శాకాహారులకే ఇస్తారండి. మాంసం గట్రా..."

"అయ్యో, ఈ మధ్య గుడ్డు తప్ప ఏమీ ముట్టుకోవడం లేదు."

"గుడ్డయితే పర్వాలేదు లెండి," అంది సర్వేశం.

గుడ్లున్న ఇంటికి గుడ్లు తినేవాణ్ణి తీసుకుపోతున్నానన్న ఆలోచన దాని బుర్రకు తట్టలేదు. దానికి ఇల్లు కనబడుతుంది గానీ ఇంట్లోవాళ్ళు కనబడరు.

"సందు మరీ సన్నగా ఉంది. నా ఒళ్ళు పట్టదు. ఆ గోడ తీయిస్తే తీరిగ్గా చూస్తాను," అంది జెర్రిపోతు.

సర్వేశం పరుగున పోయి బ్రహ్మం అనే వడ్రంగిపిట్టను పిలుచుకొచ్చింది. బ్రహ్మం గోడ ముందు ఆగింది. "లోపలావిడ ఒప్పుకుందా?" అని అడిగింది.

"చెట్టు ఓనరుది, తొర్ర ఓనరుది. ఆవిడ ఒప్పుకునేదేమిటి? నువ్వు కొట్టవయ్యా."

తనకెందుకులే అనుకుని బ్రహ్మం ముక్కుతో నాలుగు దెబ్బలు వేసింది. లోపల వరాలు "వద్దు నాయనా, వద్దు," అంటూనే ఉంది. గోడ కూలింది. కూలగానే, కొమ్మ వెనకనుంచి జెర్రిపోతు తల లోపలికి పెట్టింది.

వరాలు ఎగరలేదు, పారిపోలేదు. గుడ్లకు అడ్డంగా నిలబడి ముక్కుతో పొడిచింది. ఆ పెనుగులాటలో ఒక గుడ్డు జారి కిందపడి పగిలిపోయింది. బ్రహ్మం అది చూసి వెనకనుంచి పాము తోకను పొడవసాగింది. ఇంతలో గంగులు పళ్ళన్నీ వదిలేసి వచ్చి పడింది. రెండు వైపులా దెబ్బలు తిని జెర్రిపోతు జారుకుంది.

వరాలు కింద పగిలిన గుడ్డు వైపు చూస్తూ ఏడ్చింది. సర్వేశం ఏమందో తెలుసా? "ఇంకా రెండున్నాయి కదమ్మా," అంది. ఛీ, అదీ ఒక బతుకేనా?

గంగులు తడిమట్టి తెచ్చింది. బ్రహ్మం తలెత్తకుండా తనూ మోసింది. వరాలు లోపలినుంచి మళ్ళీ గోడ కట్టుకుంది.

ఇక ఆకలి తీరని జెర్రిపోతు ఎక్కడికి పోయిందనుకున్నారు? బండ పగులులో సర్వేశం ఇంటికి. సర్వేశం భోంచేసి పడుకుని ఉంది. కళ్ళు తెరిస్తే ఎదురుగా పాము మొహం.

"ఇదేమిటి, తట్టకుండా వచ్చేశారు?" అంది సర్వేశం.

"ఇల్లు చూడ్డానికి వచ్చాను సర్వేశంగారూ. తట్టక్కర్లేదని మీరేగా చెప్పారు," అని జెర్రిపోతు నోరు తెరిచింది.

సర్వేశం తోక ఆ నోట్లోనే వదిలేసి, వెనక చీలికలోంచి బయటపడింది. ప్రాణం దక్కింది. ఇల్లు దక్కలేదు. ఆ పగులులో ఇప్పుడు జెర్రిపోతే ఉంటోంది. బ్రహ్మం కొండ దాటి పోయి సంగతి చెబితే, కోనప్ప పని కూడా పీకేసింది.

తోక లేని సర్వేశం ఇల్లు వెతుక్కుంటూ మద్దిచెట్టు కిందికే వచ్చింది. ఈసారి కిందే నిలబడి "ట్చ్ ట్చ్" అంది.

"ఎవరు?" అంది వరాలు.

"నేనమ్మా, సర్వేశాన్ని. లోపల ఒక మూల చోటు చూసుకోవచ్చా?"

"ఇవాళ కుదరదు," అంది వరాలు.

"రేపు?"

"రేపూ కుదరదు."

సర్వేశం వచ్చిన దారినే వెళ్ళిపోయింది. తలుపంటే ఏమిటో దానికి తెలిసింది, బయట నిలబడ్డాక.

కొన్నాళ్ళకు ఆ గోడ మళ్ళీ పగిలింది. ఈసారి లోపలినుంచి. కొత్త ఈకలతో వరాలు, దాని వెనకే రెండు పిల్లలు బయటికి వచ్చాయి. అవి రావాలనుకున్న రోజునే వచ్చాయి.

నీతి: ఇల్లు ఎవరిదైనా, అందులో కాపురమున్నవాళ్ళు రమ్మంటేనే గడప దాటాలి, ఒకరి గడపను లెక్కచెయ్యనివాడు తన గడపను కూడా కాపాడుకోలేడు.